ఎనిమిదణాల అద్దె తుపాకీ నుంచి ఫిరంగుల కార్ఖానా దాకా: మూసారాం రేమండ్ జీవితం

హైదరాబాదులో బంధువుల ఇళ్ళకు వెళ్ళివచ్చే మనవాళ్ళు మెట్రో రైల్లో మూసారాంబాగ్ స్టేషను పేరు వినే ఉంటారు. అబిడ్స్ వైపు వెళితే గన్‌ఫౌండ్రీ అనే చోటు ఉంది. ఈ రెండు పేర్ల వెనకా ఉన్నది ఒకే మనిషి. అతడు తెలుగువాడు కాదు, ఈ దేశం వాడూ కాదు. ఫ్రాన్సు నుంచి బతుకుతెరువు కోసం ఓడెక్కి వచ్చిన మిషెల్ జోచిం మారి రేమండ్. చనిపోయి రెండు వందల ఇరవై ఏళ్ళు దాటింది.

నేను ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం స్టోర్సు సెక్షన్‌లో గుమాస్తాగా పనిచేశాను. ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి పేరున రాసి ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది అని చూడడం అలవాటైపోయింది. రేమండ్ కథ చదివినప్పుడూ నా దృష్టి యుద్ధాల మీద కంటే అతడి ఆయుధాల కొట్టు మీదే పడింది. ఆ కొట్టు కథ చివరికి మన బళ్ళారి దాకా వస్తుంది. బరంపురం, యానాం వాళ్ళకూ అందులో కొంత వాటా ఉంది. అందుకే మన పాఠకుల కోసం ఇది రాస్తున్నాను.

పుదుచ్చేరిలో దుకాణం

రేమండ్ 1755లో నైరుతి ఫ్రాన్సులోని సెరిన్యాక్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వర్తకుడు. 1775లో, ఇరవై ఏళ్ళ వయసులో, వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరి వచ్చాడు. అప్పట్లో పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళకు ఈ దేశంలో ముఖ్యపట్టణం. మన యానాం కూడా ఆ పాలన కిందిదే.

దుకాణం అతణ్ణి ఎంతోకాలం పట్టి ఉంచలేదు. ఆ రోజుల్లో కత్తి, తుపాకీ తెలిసిన ఐరోపావాడికి దేశీయ రాజుల దగ్గర మంచి కొలువు దొరికేది. రేమండ్ మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో చేరి చిన్న అధికారి అయ్యాడు. 1783లో ఫ్రాన్సు నుంచి బుస్సీ దొర మళ్ళీ సేనతో వచ్చినప్పుడు అతడి దగ్గర పని చేశాడు.

బుస్సీ అంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు కొత్తగా చెప్పక్కరలేదు. 1757లో బొబ్బిలి కోట మీదికి వెళ్ళిన బుస్సీ ఇతడే. అంతకు నాలుగేళ్ళ ముందు, 1753లో, హైదరాబాదు ప్రభువు సలాబత్ జంగ్ ఫ్రెంచి సేన ఖర్చుల కింద కోస్తాలో నాలుగు సర్కార్లు బుస్సీకి రాసిచ్చాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ అనే కొండపల్లి. నేటి ఒడిశాలోని గంజాం ప్రాంతం అప్పుడు శ్రీకాకుళం సర్కారులో భాగం. అంటే బయటివాడి తుపాకుల కోసం తెలుగు నేలను జీతం కింద ఇవ్వడం అప్పుడే మొదలైంది. కొద్ది ఏళ్ళకే సర్కార్లు ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి ఇంగ్లీషు కంపెనీ చేతుల్లోకి పోయాయి. 1766, 1768 ఒడంబడికలతో ఆ సంగతి కాగితం మీద స్థిరపడింది.

బుస్సీ 1785లో పుదుచ్చేరిలో చనిపోయాడు. ఆ తర్వాత రేమండ్ హైదరాబాదు దారి పట్టాడు.

మూడు వందల మంది, అద్దె తుపాకులు

అప్పుడు హైదరాబాదును ఏలుతున్నది నిజాం అలీ ఖాన్. అతడికి సేన ఉంది కానీ అది పాత పద్ధతి సేన. జాగీర్దారులు తలా ఒక గుంపును తెచ్చేవారు. ఎవరి గుర్రం వాళ్ళది, ఎవరి ఆయుధం వాళ్ళది. ఒకరి తుపాకీలో పట్టే గుండు ఇంకొకరి తుపాకీలో పట్టదు. ఇటు మరాఠాలు, అటు మైసూరు, పైన కంపెనీ. అందరి దగ్గరా వరసలో నిలబడి కవాతు చేసే కాల్బలం తయారవుతున్న కాలం అది.

రేమండ్ నిజాం కొలువులో మొదట కూర్చుకున్నది మూడు వందల మందిని మాత్రమే. వాళ్ళకు ఇవ్వడానికి తుపాకులు కూడా లేవు. తన దేశపు వర్తకుడొకడి దగ్గర, తుపాకీకి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చాడని ఆ కాలపు చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. లెక్క వేస్తే మూడు వందల తుపాకులకు నెలకు నూట యాభై రూపాయలు. పెళ్ళి పందిట్లోకి వంటపాత్రలు, కుర్చీలు అద్దెకు తెచ్చినట్టే ఉంది కదా.

అద్దె సరుకుతో ఉన్న చిక్కు మనకు తెలిసినదే. యజమాని రేపు వచ్చి తిరిగి ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యాలి. ఆ తుపాకులు సముద్రం దాటి రావాలి. నిజాం చేతిలో తీరం మిగలలేదు. సర్కార్లు పోయాయి. చివరికి మిగిలిన గుంటూరు సర్కారు కూడా 1788లో కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. ఇక ఓడల మీద వచ్చే ఏ ఆయుధమైనా కంపెనీ కళ్ళ ముందు నుంచే రావాలి. ఆయుధం ఇక్కడే తయారైతే తప్ప ఈ రాజ్యానికి సొంత సేన నిలవదని రేమండ్‌కు అర్థమైంది.

తోప్ కా సాంచా

1786 నాటికే నగరం బయట, నేటి ఫతే మైదాన్ దగ్గర, ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. తోపు అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఇంగ్లీషువాళ్ళు పిలిచిన గన్‌ఫౌండ్రీ అనే మాటే ఇప్పటికీ నిలిచిపోయింది. మన తెలుగులో ఫిరంగి అనే మాట కూడా విచిత్రమైనదే. ఫిరంగీలు అంటే ఐరోపావాళ్ళు. వాళ్ళు తెచ్చిన ఆయుధానికి వాళ్ళ పేరే పెట్టేశాం.

ఫిరంగి పోత అంటే చెంబు పోత లాంటిది కాదు. మట్టి అచ్చు తయారుచేసి, నెమ్మదిగా ఆరబెట్టి, కాల్చాలి. రాగి, తగరం సరైన పాళ్ళలో కరిగించి ఒక్క ఊపున పొయ్యాలి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే, పేల్చేటప్పుడు ఫిరంగే పగిలి కాల్చేవాణ్ణి చంపుతుంది. గొట్టం లోపలి కొలతకు సరిపోయేలా గుండ్లు ఉండాలి. మందు వేరే తయారవ్వాలి. వంద పాళ్ళలో డెబ్బై అయిదు దాకా పెట్లుప్పు, పదిహేను బొగ్గు, పది గంధకం. దాన్ని తడి తగలని చోట, నిప్పుకు దూరంగా నిలవ చెయ్యాలి. ఎద్దుల బళ్ళు, తోలు సామాను, చెకుముకి రాళ్ళు, బాయినెట్లు, బట్టలు, ఇవన్నీ ఎవరో ఒకరు లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ లెక్కపెట్టి తీసుకోవాలి.

ఈ రోజుల్లో ప్రభుత్వాలకు దీనికి పెద్ద పెద్ద శాఖలు ఉన్నాయి. ఇంగ్లండులో అప్పటికే ఆర్డ్‌నెన్సు బోర్డు అని ఒక కచేరీ ఉండేది. ఫిరంగి దగ్గర నుంచి మందు పీపా దాకా అన్నీ దాని పద్దుల్లో ఉండేవి. ఒక అధికారి పోతే ఇంకో అధికారి ఆ కుర్చీలో కూర్చునేవాడు, పద్దు ఆగేది కాదు. హైదరాబాదులో ఆ కచేరీ పని అంతా ఒక్క మనిషి చేతిలో ఉంది. కార్ఖానా అతడిది, మందు కొట్లు అతడివి, సిపాయిలు అతడి పేరు మీద వచ్చినవాళ్ళు. ఖర్చు కోసం నిజాం ఇచ్చిన జాగీరు ఆదాయం కూడా అతడి చేతి మీదుగానే సిపాయిలకు చేరేది.

అతడు ఆ పని బాగానే చేశాడు. మూడు వందలతో మొదలైన దళం పదేళ్ళు దాటేసరికి పద్నాలుగు వేలకు చేరింది. దానికి సొంత ఫిరంగులు, సొంత ఎద్దులు, సొంత మందు కొట్లు ఉన్నాయి. సిపాయిల్లో ఎక్కువమంది ఈ నేల మీద పుట్టినవాళ్ళే. వాళ్ళ బాగోగులు చూసుకుంటాడని పేరు తెచ్చుకున్నాడు. ముస్లింలు అతణ్ణి మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. పరాయి దేశపు వాడికి రెండు మతాలవాళ్ళూ తమ తమ దేవుడి పేరు జోడించి పిలవడం చిన్న విషయం కాదు.

ఖర్డాలో ఓటమి

1795 మార్చిలో నిజాం మరాఠాల మీదికి బయల్దేరాడు. నేటి మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ దగ్గర ఖర్డా అనే చోట రెండు సేనలూ ఎదురుపడ్డాయి. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తమకు సంబంధం లేదని తప్పుకున్నాడు. కంపెనీ పలటాలు హైదరాబాదులో ఉన్నా, నిజాం డబ్బు తిన్నా, ఈ యుద్ధానికి రాలేదు.

యుద్ధంలో రేమండ్ దళం చెదరకుండా నిలబడి పోరాడింది. కానీ నిజాం తన పరివారంతో వెనక్కి తగ్గి, రేమండ్‌నూ వెనక్కి రమ్మని కబురు పంపాడు. ఆ రాత్రి సేన గందరగోళమైపోయింది. నిజాం ఖర్డా చిన్న కోటలో చిక్కుకుపోయాడు. చివరికి దౌలతాబాదు కోటతో సహా ఎంతో భూమి, మూడు కోట్ల రూపాయలు ఇస్తానని ఒప్పుకుని, తన దివాను అరస్తూ జాను మరాఠాలకు జామీనుగా అప్పగించి బయటపడ్డాడు.

ఓడిపోయినా రేమండ్ పలుకుబడి పెరిగింది. కష్టకాలంలో రాని కంపెనీ పలటాలను నిజాం పంపించేశాడు. అదే ఏడాది కొడుకు ఆలీ జా తిరగబడి బీదరు వైపు పోతే, అణచడానికి వెళ్ళినవాడు రేమండే. రాకుమారుణ్ణి పట్టుకుని వెనక్కి తీసుకొస్తుండగా అతడు దారిలోనే విషం తాగి చనిపోయాడు. తండ్రీకొడుకుల గొడవలోకి సేనాపతి దిగితే ఇలాంటివి తప్పవు.

ఇక కంపెనీకి రేమండ్ కంట్లో నలుసయ్యాడు. 1793 నుంచి ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు యుద్ధం నడుస్తోంది. ఆ ఏడే పుదుచ్చేరి, దానితోపాటు యానాం, కంపెనీ వశమయ్యాయి. అటువంటప్పుడు హైదరాబాదులో పద్నాలుగు వేలమంది ఫ్రెంచి గణతంత్ర జెండా కింద కవాతు చేస్తున్నారు. పక్కనే మైసూరులో టిప్పు సుల్తాను ఫ్రెంచివాళ్ళ సాయం కోరుతున్నాడు. రెండూ కలిస్తే తమ పని అయిపోతుందని ఇంగ్లీషువాళ్ళ భయం.

దర్బారులోనూ గాలి మారింది. 1797లో పూనా నుంచి తిరిగివచ్చిన అరస్తూ జా కంపెనీ వైపు మొగ్గాడు. రేమండ్‌కు పోటీగా ఇంగ్లీషు మాట్లాడే అధికారుల దళాలను పెంచారు.

మరణం, తర్వాత ఆరు నెలలు

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా చనిపోయాడు. వయసు నలభై రెండు నిండి నలభై మూడు నడుస్తోంది. విషం పెట్టారని కొందరు, తానే తాగాడని కొందరు అనుకున్నారు. ఏదీ రుజువు కాలేదు. నగరానికి తూర్పున ఒక గుట్ట మీద సమాధి చేశారు.

అతడి తర్వాత పిరాన్ అనే ఫ్రెంచి అధికారి దళం పగ్గాలు పట్టాడు. పగ్గాలు చేతికొచ్చాయి కానీ పలుకుబడి రాలేదు. సిపాయిల జీతాలు బాకీ పడ్డాయి. అదే ఏడాది గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లస్లీ ఆలస్యం చెయ్యలేదు. 1798 సెప్టెంబరు 1న హైదరాబాదులో ఒడంబడిక కుదిరింది. నిజాం ఫ్రెంచి దళాన్ని రద్దు చేస్తాడు. దాని బదులు కంపెనీ ఆరు వేలమంది సిపాయిలను ఉంచుతుంది. వాళ్ళ ఖర్చుకు నిజాం ఏడాదికి 24 లక్షల రూపాయలకు పైగా చెల్లిస్తాడు. కంపెనీ తరఫున ఈ పని నడిపించినవాడు జేమ్స్ కిర్క్‌పాట్రిక్.

గుంటూరులో సిద్ధంగా ఉన్న కంపెనీ పలటాలు హైదరాబాదు వచ్చాయి. అక్టోబరులో రద్దు హుకుం వెలువడగానే జీతాలు అందని సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడ్డారు. 1798 అక్టోబరు 22న కంపెనీ సేన చుట్టుముట్టింది. ఇవ్వాల్సిన జీతాలు ఇస్తామన్నారు. పదకొండు వేలమంది దాకా సిపాయిలు ఒక్క గుండూ పేలకుండా తుపాకులు కింద పెట్టేశారు. ఆయుధ కొట్లు, మందు గిడ్డంగులు, పోత కార్ఖానా కంపెనీ వశమయ్యాయి. ఫ్రెంచి అధికారులను తర్వాత ఐరోపా పంపించేశారు.

పన్నెండేళ్ళు కష్టపడి కట్టినది కొన్ని గంటల్లో అయిపోయింది. ఫిరంగులు చాలకో, మందు తడిసో కాదు. నెల జీతం అందకపోవడం వల్ల, అడిగితే జవాబు చెప్పే కుర్చీ ఒకటి లేకపోవడం వల్ల. కొట్టు నిండుగానే ఉంది. కొట్టును నడిపే మనిషి పోయాడు. అది సర్కారు పద్దు మీద కాక ఒక మనిషి పేరు మీద నడిచింది కనుక ఆ మనిషితోనే పోయింది. స్టోర్సులో పనిచేసినవాడిగా ఇది నాకు బాగా తెలుస్తుంది. తాళాలన్నీ ఒకే మనిషి నడుముకు వేలాడే ఆఫీసు, అతడు ఎంత నిజాయితీపరుడైనా, అతడు సెలవు పెట్టిన రోజున ఆగిపోతుంది.

అద్దె మన ఊళ్ళతో కట్టారు

మరుసటి ఏడాది, 1799 మే 4న, శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. ఆ యుద్ధంలో నిజాం కాల్బలం కంపెనీ అధికారి మాల్కం కింద నడిచింది. గెలుపులో నిజాం వాటాకు కొంత భూమి వచ్చింది. అంతకుముందు 1792లో టిప్పు నుంచి వచ్చిన భూమీ ఉంది.

అది ఎక్కువకాలం నిలవలేదు. 1800 అక్టోబరులో ఇంకో ఒడంబడిక. కంపెనీ సేన సంఖ్య పెరిగింది, ఖర్చు పెరిగింది. ఏటా నగదు కట్టే బదులు, మైసూరు యుద్ధాల్లో వచ్చిన ఆ భూమినే నిజాం శాశ్వతంగా కంపెనీకి రాసిచ్చాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. మన తాతలు దత్తమండలాలు అన్నది వీటినే. ఇప్పుడు రాయలసీమ అంటున్నాం.

మన ఊరు మద్రాసు రాజధానిలోకి వెళ్ళింది ఆ కాగితంతోనే. మన్రో దొర కలెక్టరుగా వచ్చింది, రైత్వారీ లెక్కలు పడింది దాని తర్వాతే. నూట యాభై మూడేళ్ళకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మనం ఇక్కడి తెలుగువాళ్ళం అయ్యాం. మన అమ్మాయిల పెళ్ళిళ్ళు రాయదుర్గంలో చేసినా, ఆదోనిలో చేసినా రాష్ట్రం దాటి చేసినట్టు లెక్క.

రేమండ్ తుపాకీకి నెలకు ఎనిమిదణాలు అద్దె కట్టి మొదలుపెట్టాడు. అద్దె కట్టే అవసరం రాజ్యానికి ఉండకూడదని కార్ఖానా కట్టాడు. అతడు పోయిన రెండున్నరేళ్ళకు నిజాం సేన మళ్ళీ అద్దెదే అయింది. ఈసారి అద్దె అణాల్లో కాదు, జిల్లాల్లో కట్టారు. కోస్తాలో సర్కార్లు ముందే పోయాయి, సీమ తర్వాత పోయింది. అడిగినవాళ్ళూ లేరు, అడగబడినవాళ్ళూ లేరు.

రేమండ్‌ను దేవుణ్ణి చెయ్యాలని నా ఉద్దేశం కాదు. అతడూ జీతానికి వచ్చినవాడే. అతడి మనసు తన దేశం మీదే ఉంది. ఫ్రాన్సు గెలిస్తే మన నేల ఇంకెవరి జాగీరు అయ్యేదో. అయినా తాను వచ్చిన చోట సొంతంగా చేసుకునే పని నేర్పాడు, తన కింద పనిచేసినవాళ్ళను బాగా చూశాడు. అందుకే అతడు పోయిన నూట యాభై ఏళ్ళ దాకా, ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు, ఏటా మార్చి 25న జనం ఆ గుట్టెక్కి దీపాలు పెట్టి, సాంబ్రాణి వేసి ఉర్సు జరిపారు.

సమాధి దగ్గర ఏడు మీటర్ల ఎత్తు నల్లరాతి స్తంభం ఉంది. దాని మీద పెద్ద బిరుదులేవీ లేవు, జె.ఆర్. అనే రెండక్షరాలు మాత్రమే. పక్కన ఇరవై ఎనిమిది స్తంభాల మండపం ఉండేది. 2001 వానల్లో అది కూలిపోతే తర్వాత మళ్ళీ నిలబెట్టారు. గన్‌ఫౌండ్రీలో పాత కార్ఖానా గోడలు కొన్ని దుకాణాల, ఇళ్ళ మధ్య ఇంకా మిగిలి ఉన్నాయి.

ఈసారి హైదరాబాదు వెళితే పిల్లలను ఒక్క గంట అటు తీసుకెళ్ళండి. ఆ గుట్ట మీద నిలబడి, మనం బళ్ళారిలో ఎందుకున్నామో, బరంపురం వాళ్ళు ఒడిశాలో ఎందుకున్నారో, యానాం వాళ్ళకు ఫ్రెంచి పేర్లు ఎలా వచ్చాయో చెప్పడం తేలిక. పాఠ్యపుస్తకంలో ఇవి మూడు వేరువేరు పాఠాలు. అక్కడ నిలబడితే ఒకటే కథ.